సూది మీద ఆంక్ష

కచ్ ఆడపిల్ల తన వాళ్ల కోసం కుట్టే బట్ట ఒకప్పుడు కానుక. అది బాకీగా మారేసరికి ఒక తెగ ఏకంగా సూదినే ఆపేసింది.

భుజ్ నుంచి భచావ్ వైపు వెళ్లే బస్సులో ఉదయం పూట కూర్చుంటే కచ్ జిల్లా తన బట్టల పెట్టె తానే తెరిచి చూపిస్తుంది. నల్ల ఉన్ని ఓణీలు కప్పుకున్న రబారీ స్త్రీలు, కుచ్చులు పోసిన తెల్ల చొక్కాలు తొడిగిన పశువుల కాపరులు, అద్దాలు మెరిసే రవికలతో అహీర్ ఆడవాళ్లు. ఎవరిది ఏ కులమో, ఏ ప్రాంతమో అడగక్కర్లేదు. బట్టే చెబుతుంది.

కాస్త పరీక్షగా చూస్తే మరో సంగతి కూడా తెలుస్తుంది. రబారీల్లోనే ఢేబరియా శాఖకు చెందిన పడుచు రవిక మీద చేతి కుట్టు ఉండదు. బజారులో కొన్న జరీ రిబ్బన్లు, వంకీల లేసులు, తళుకు పట్టీలు వరసగా పేర్చి మిషన్ మీద కుట్టి ఉంటాయి. ఆమెకు సూది పట్టడం రాదనుకుంటే పొరపాటే. ఆమె చేతి కుట్టు ముంబైలోనో, లండన్‌లోనో ఎవరి భుజానికో వేలాడే సంచి మీద ఉండవచ్చు. పరాయివాళ్ల కోసం కుట్టవచ్చు. తన కోసం, తన బిడ్డ కోసం కుట్టకూడదు. 1995 ఏప్రిల్‌లో ఆ తెగ పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

కొనేవాళ్లు లేక హస్తకళలు చచ్చిపోతున్నాయని దేశమంతా వాపోతుంటుంది. ఇక్కడ మాత్రం ఒక కళ నిక్షేపంలా బతికి ఉన్నప్పుడే దాని సొంతదారులు దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఎందుకో అర్థం కావాలంటే కచ్‌లో బట్ట అంటే ఏమిటో ముందు తెలియాలి.

సారె కట్టే చేతులు

వైశాల్యంలో దేశంలోకెల్లా పెద్ద జిల్లా కచ్. 45 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో పెద్ద భాగం రణ్, అంటే ఉప్పు ఎడారి. వానను నమ్ముకుని బతికే వీలు లేదు. అందుకే ఇక్కడి జీవితం మందలతోనూ మగ్గాలతోనూ ముడిపడింది. భుజ్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని భుజోడిలో ఆ ముడి ఇప్పటికీ కనిపిస్తుంది. రబారీల గొర్రెల ఉన్ని వణ్‌కర్ల మగ్గం మీద నేతగా మారేది. ఖత్రీలు దానికి ముడులు కట్టి రంగు వేసేవాళ్లు. చివరికి అది ఓణీగా మళ్లీ రబారీ ఇంటికే చేరేది. అక్కడ దాని మీద ఆఖరి మాట ఆడవాళ్ల సూదిది.

కుట్టుపనిని గుజరాతీలో ‘భరత్’ అంటారు. నింపడం అని అర్థం. ఖాళీ గుడ్డను దారంతో నింపడం. ఆ నింపే తీరు కులానికొకటి. రబారీలది గొలుసుకుట్టు. దాని మధ్య గుండ్రటి, చదరపు, మూడు మూలల అద్దాలు పొదుగుతారు. గుడి, ఒంటె, తేలు, నీళ్లు మోసే స్త్రీ వాళ్ల ఇష్టమైన బొమ్మలు. అహీర్లదీ గొలుసుకుట్టే గానీ చిలకలు, పూలు ఒంపులు తిరిగి ఉంటాయి. గరాసియా జత్ స్త్రీలు తొడుక్కునే పొడుగాటి గౌను ఛాతీ భాగం మొత్తం అడ్డకుట్లతో, గింజలంత అద్దాలతో నిండిపోతుంది. ఉత్తరాన బన్నీ పచ్చిక మైదానాల్లోని ముత్వాల పనితనం అద్దం ఎంత చిన్నదైతే అంత గొప్ప.

అన్నిటికంటే వింతైనది ‘సుఫ్’. 1971 యుద్ధం తర్వాత సింధ్‌లోని థార్‌పార్కర్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన సోఢా రాజపుత్రులు, మేఘ్‌వాళ్ల స్త్రీలు చేసే పని ఇది. గుడ్డ మీద గీత గీయరు. నేతలోని పోగులు లెక్కపెట్టుకుంటూ వెనక వైపు నుంచి కుడతారు. ముందు వైపు చిన్న చిన్న త్రికోణాలు పేరుకుని నెమళ్లుగా, పూలుగా తేలతాయి. లెక్కలో ఒక్క పోగు తప్పితే బొమ్మ మొత్తం పక్కకు జరుగుతుంది. బడి ముఖం చూడని ఆడవాళ్లు మనసులోనే వేసే లెక్క ఇది.

ఇంత శ్రమ ఎవరి కోసం? తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమయ్యే మాటలో చెప్పాలంటే సారె కోసం. పిల్ల ఏడెనిమిదేళ్లకు సూది పడుతుంది. పెళ్లయి కాపురానికి వెళ్లేలోగా తన పరికిణీలు, రవికలు, కట్టుకోబోయేవాడి చొక్కా, బట్టలు పెట్టుకునే సంచులు, గలీబులు, గోడకు వేలాడదీసే చాకళాలు, బొంతల దొంతి మీద కప్పే గుడ్డ అన్నీ సిద్ధం కావాలి. గుమ్మానికి తోరణం కూడా. తెలుగు ఇళ్లలో మావిడాకులు చేసే పనిని కచ్‌లో కుట్టిన గుడ్డ చేస్తుంది. పేరు మాత్రం ఒకటే. తల్లి, మేనత్త, పిన్ని తలా ఒక చేయి వేస్తారు. ఏ బట్ట మీద ఎవరి కుట్టు ఉందో ఇంట్లో అందరికీ తెలుసు. అత్తవారింట్లో ఆ పెట్టె తెరిచినప్పుడు బయటపడేది గుడ్డలు కాదు, ఆ పిల్ల వెనక ఎంతమంది ఉన్నారన్న లెక్క.

కానుక బాకీ అయిన వేళ

చిక్కు కూడా ఆ లెక్కతోనే వచ్చింది. ప్రేమతో ఇచ్చేది ఒకసారి లెక్కలోకి ఎక్కితే అది పెరుగుతుందే తప్ప తగ్గదు. అక్క తీసుకెళ్లిన దానికంటే చెల్లెలు ఎక్కువ తీసుకెళ్లాలి. ఎదురింటి కోడలు తెచ్చిన దానికంటే మన కోడలు ఎక్కువ తేవాలి. ఢేబరియాల్లో చిన్నతనంలోనే సంబంధం కుదుర్చుకోవడం ఆనవాయితీ. అయితే సారె పూర్తయ్యేదాకా పిల్ల కాపురానికి వెళ్లదు. అడిగేవి ఎక్కువైన కొద్దీ ఆ రోజు వెనక్కి జరిగింది. ముప్పై ఏళ్లు దాటాక కూడా పుట్టింట్లోనే కూర్చుని కుడుతూ ఉన్నవాళ్ల సంగతి ఆ తెగ ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లయిందన్న మాటే గానీ మొగుడు ఒక ఊళ్లో, ఆమె ఒక ఊళ్లో. మధ్యలో పూర్తికాని పరికిణీ.

కట్నం డబ్బైతే అప్పు తెచ్చి కట్టవచ్చు. ఈ కట్నం కాలంతో కట్టాల్సింది. కాలాన్ని అప్పు ఇచ్చేవాళ్లు ఉండరు. పైగా మందలు మేపే బతుకు అప్పటికే తగ్గుముఖం పట్టింది. కూలి పనికి వెళ్లే ఇంట్లో ఒక జత చేతులు ఏళ్ల తరబడి సారెకే అంకితమైతే పూట గడవడం కష్టం. ఈ పరిస్థితిలో పెద్దలు కూర్చుని తేల్చిన పరిష్కారం, ఇకపై ఇంటి వాడకం కోసం చేతి కుట్టు వద్దని.

ఆ నిర్ణయం ఆడపిల్లలకు మేలు చేయలేదని అనలేం. కాపురాలు తొందరగా మొదలయ్యాయి. కళ్లు కాయలు కాచే పని తప్పింది. కానీ అది న్యాయంగా సాగిందా అంటే సందేహమే. సారె పెంచమని అడిగింది అత్తవారిళ్లు. ఆగమన్నది మాత్రం కుట్టే చేతిని. అడిగే నోటికి ఏ శిక్ష లేదు. పెళ్లిలో తన మాట చెల్లని పిల్లకు తనదంటూ చెప్పుకోవడానికి ఉన్న ఒకే భాష ఆ కుట్టు. కట్టుబాటుతో అదీ పోయింది.

అయితే ఢేబరియా ఆడవాళ్లు ఊరుకోలేదు. కట్టుబాటు నిషేధించింది చేతి కుట్టునే. బజారు లేసులను కాదు, కుట్టు మిషన్‌ను కాదు. అంతే, రిబ్బన్లు, లేసులు, జరీ పట్టీలు కొని గొలుసుకుట్టు ఎక్కడెక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే అతికించడం మొదలుపెట్టారు. రంగుల పొందిక పాతదే. గళ్ల అమరిక పాతదే. నెలలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. దీనికి ‘హరి జరీ’ అని పేరు కూడా స్థిరపడింది. అంజార్ దగ్గరి భద్రోయి గ్రామానికి చెందిన పాబీబెన్ రబారీ ఆ పనితో సంచులు చేయించి, తన పేరుతోనే వ్యాపారం నిలబెట్టి, తోటి స్త్రీలకు ఉపాధి చూపించారు. చేతి కుట్టును తప్పించుకోవడానికి పుట్టిన ఉపాయం తానే ఒక హస్తకళ అయి కూర్చుంది.

ఊరి సూది, నగరం కొలత

ఇంట్లో ఆగిన సూది బయట ఆగలేదు. దానికి చాలా ముందే దారి పడింది. భచావ్ రోడ్డు మీదే ఉన్న ధనేటీ గ్రామంలో 1969 కరువు కాలంలో ఆ కథ మొదలైంది. కరువు సాయం పనుల కోసం వచ్చిన చందాబెన్ ష్రాఫ్‌కు అక్కడి అహీర్ ఆడవాళ్లలో రెండు విషయాలు కనిపించాయి. ఊరికే పెట్టే తిండి తీసుకోవడానికి వాళ్లు ఇష్టపడలేదు. తినడానికి లేకపోయినా ఒంటి మీది బట్ట మాత్రం రాణివాసం సరుకులా ఉంది. ఆమె కొన్ని చీరలు తెచ్చి వాటి మీద కుట్టమన్నారు. అవి ముంబైలో అమ్ముడుపోయాయి. అలా పుట్టిన ‘శ్రుజన్’ సంస్థ తర్వాత జిల్లా అంతటా విస్తరించింది. ఆ కృషికి చందాబెన్‌కు 2006లో రోలెక్స్ అవార్డు లభించింది.

భుజ్‌కు ఉత్తరాన ఉన్న సుమ్రాసర్ షేఖ్‌లో 1993లో ‘కళారక్ష’ మొదలైంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన అమెరికా పరిశోధకురాలు జూడీ ఫ్రేటర్ రబారీల కుట్టుపని మీద పుస్తకం రాశారు. ఆమె పట్టుకున్న విషయం ఒకటుంది. నగరం డిజైనర్ గీసిచ్చిన బొమ్మను, చెప్పిన రంగుల్లో, ఇచ్చిన కొలతకు కుట్టే స్త్రీ ఇక కళాకారిణి కాదు, కూలి మనిషి. తన పెట్టెలోకి కుట్టుకున్నప్పుడు తేలు పక్కన చిలకను పెట్టాలో వద్దో ఆమే తేల్చుకునేది. దిండు గలీబుల ఆర్డరులో ఆ అధికారం ఆమెకు లేదు. అందుకే 2005లో కళారక్ష పనివాళ్లకే డిజైన్ నేర్పే బడి పెట్టింది. ఫ్రేటర్ 2014లో సోమయ్య కళా విద్యతో ఆ పనిని కొనసాగించారు.

ఈలోగా పాత సారెలు వేరే దారి పట్టాయి. కరువు వచ్చిన ప్రతిసారీ వ్యాపారులు ఊళ్ల మీద పడి అమ్మమ్మల నాటి తోరణాలు, పరికిణీలు కొనుక్కుపోయేవారు. సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలకైతే అమ్ముకోవడానికి అంతకు మించి ఏముంటుంది? ఆ ముక్కలు అహ్మదాబాద్, ఢిల్లీ దుకాణాల్లో సంచులుగా, కోట్లుగా మారాయి. కూతురి కోసం తల్లి కుట్టింది ఎవరిదో సోఫా మీద దిండైంది.

2001 జనవరి 26 ఉదయం వచ్చిన భూకంపం మిగిలినదాన్ని తలకిందులు చేసింది. గుజరాత్‌లో 13 వేల మందికి పైగా చనిపోయారు. భుజ్, భచావ్, అంజార్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. గోడలతో పాటు గోడలకున్న చాకళాలూ మట్టిలో కలిశాయి. శిథిలాల పక్కన గుడారాల్లో ఉన్న ఆడవాళ్లకు మళ్లీ చేతికందిన ఆదాయాల్లో కుట్టుపని ఒకటి. ఆ తర్వాత పరిశ్రమలు, రోడ్లు, బళ్లు వచ్చాయి. చవక పాలియెస్టర్ కూడా వచ్చింది. కట్టుబాటు లేని కులాల్లో సైతం ఇంటి కోసం కుట్టుకోవడానికి తీరిక తగ్గింది.

అద్దాల వెనక, అద్దాలతో

భుజోడి దాటాక వచ్చే అజ్రఖ్‌పూర్ ఆ భూకంపం కన్న ఊరు. ధమడ్కాలో నీళ్ల స్వభావం మారిపోవడంతో అద్దకం పనివాళ్లైన ఖత్రీలు కొందరు వచ్చి దీన్ని కట్టుకున్నారు. ఇక్కడే 2016లో శ్రుజన్ వాళ్ల మ్యూజియం ‘ఎల్ఎల్‌డీసీ’ తెరుచుకుంది. మసక వెలుతురులో, గాజు పలకల వెనక ఒక్కో కులం కుట్టు ఒక్కో వరసలో ఉంటుంది. ఏ కుట్టు ఎలా వేస్తారో అంచెలంచెలుగా చూపిస్తారు. కుట్టు మరిచిపోతే వచ్చి చూసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. గ్రామాల నుంచి వచ్చే స్త్రీలు కూడా ఇక్కడ తమ ముత్తవ్వల పనితనం చూసి వెళుతుంటారు. ఇంటి పెట్టెలో ఉండాల్సింది చూడటానికి బస్సెక్కి రావడం అన్నది వేరే సంగతి.

పర్యాటకులు ఎక్కువగా వెళ్లేది మాత్రం ఉత్తరానికి. చలికాలంలో ధోర్డో దగ్గర జరిగే రణ్ ఉత్సవానికి బన్నీ మీదుగానే దారి. తెల్లటి ఉప్పు మైదానం మీద పున్నమి వెన్నెల చూసి తిరిగొస్తూ జనం తోరణమో, సంచో కొనుక్కుంటారు. వాటి పక్కనే కంప్యూటర్ మిషన్ మీద అచ్చుగుద్దిన ‘కచ్ పని’ కూడా చవకగా దొరుకుతుంది. తేడా తెలియాలంటే వెనక్కి తిప్పి చూడాలని తెలిసినవాళ్లు చెబుతారు. మిషన్ కుట్టుకు వెనక వైపు అంతా ఒకే తీరు. చేతి కుట్టు వెనక ఒకచోట దారం మారుతుంది, ఒకచోట ముడి పడుతుంది. మనిషి మధ్యలో లేచి పిల్లకు అన్నం పెట్టి వచ్చినట్టు తెలిసిపోతుంది.

తెలుగు పట్టణాల్లో రవికలు కుట్టే ప్రతి ఆడమనిషికీ ‘కచ్ వర్క్’ అన్న మాట తెలుసు. పెళ్లి రవికల మీది మగ్గం వర్క్‌కు వాడే ఆరీ సూది కచ్‌లో మోచీల కుట్టుకూ ఆయువుపట్టు. చెప్పులు కుట్టే పనిముట్టే సన్నబడి అక్కడ రాజుల దర్బారు దాకా వెళ్లింది. అయితే సాంకేతిక చుట్టరికం కంటే కథలో చుట్టరికం దగ్గరిది. తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడపిల్ల కూడా అద్దాలు, గవ్వలు కుట్టిన కాంచళి, ఫేటియా సిద్ధం చేసుకునే కాపురానికి వెళ్లేది. అక్కడ ఏ పెద్దలూ నిషేధించలేదు. బడికీ, పొలానికీ, పట్నానికీ వెళ్లాల్సిన పిల్లలు చీరలకు, చుడీదార్లకు మారారు. తల్లుల బట్టలు పండగలకు మిగిలాయి. నిషేధం ఉన్నా లేకున్నా చేరిన చోటు ఒకటే.

నర్సాపురం లేసుది మరో పాఠం. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో గోదావరి తీరానికి వచ్చిన ఈ క్రోషే అల్లిక ఎగుమతి సరుకై విదేశాలకు వెళ్లింది. గడప దాటకుండా రోజంతా అల్లే స్త్రీలను లోకం పనివాళ్లుగా లెక్కించలేదని, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే చూసి ఆ మేరకే కూలి ఇచ్చిందని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో అచ్చయిన పుస్తకంలో చూపించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంట్లో కూర్చుని చేసే పనికి పేరు రావడం తేలిక, ధర రావడం కష్టం. కచ్‌లోనూ అదే బాధ. ఇంటివాళ్ల కోసం కుట్టినప్పుడు దానికి వెల లేదు, ఎందుకంటే అది ప్రేమ. పరాయివాళ్ల కోసం కుట్టినప్పుడు వెల తక్కువ, ఎందుకంటే అది ఇంటి పని. రెండు చోట్లా నష్టపోయేది ఒకే జత చేతులు.

అమ్మకానికి పెట్టనిది

అలాగని పాత రోజులే బాగున్నాయని నిట్టూర్చడం తప్పు. సారె పూర్తికాక పుట్టింట్లో వయసు మళ్లిన ఆడవాళ్లను అడిగితే ఆ రోజులు ఎంత బాగున్నాయో చెబుతారు. ఈనాటి స్త్రీకి కుట్టు కూలి రూపంలో సొంత డబ్బు ఉంది. దాంతో కూతురిని బడికి పంపుతోంది. కూతురికి సూది నేర్పాలా వద్దా అన్నది కూడా తానే ఆలోచిస్తోంది. ఆమె తల్లికి ఆ ఆలోచనకే తావు లేదు. పోయింది కుట్టు కాదు, అది ఎవరి కోసమన్న ప్రశ్నకు ఉన్న జవాబు. ఒక ముఖాన్ని తలుచుకుంటూ కుట్టడం వేరు, ఆర్డరు కాగితం చూస్తూ కుట్టడం వేరు. ముఖాన్ని తలుచుకునే హక్కు ఎవరూ లాక్కోకుండా, ఎవరూ లెక్కకట్టకుండా మిగలాలి. 1995 నాటి కట్టుబాటు వదిలిపెట్టిన పని అదే.

ఆ హక్కు పూర్తిగా చచ్చిపోలేదనడానికి బన్నీ గ్రామాల్లోనే ఒక ఆనవాలు ఉంది. గుండ్రటి మట్టి ఇంటి లోపల, గోడ వారగా బొంతలు దొంతిగా పేర్చి ఉంటాయి. మేఘ్‌వాళ్ల ఆడవాళ్లు చిరిగిన చొక్కాలు, వెలిసిన ఓణీలు, పిల్లలకు పొట్టివైన పరికిణీలు ముక్కలుగా కత్తిరించి, రంగుకు రంగు పొందించి, సన్నటి కుట్లతో కలిపి వీటిని తయారు చేస్తారు. బజారు కోసం కుట్టే కొత్త బొంతలు రోడ్డు పక్కన దండెం మీద వేలాడుతుంటాయి. లోపలి దొంతిలోనివి వేరు. తాత చొక్కా, తల్లి పెళ్లినాటి ఓణీ, చిన్నప్పుడే పోయిన బిడ్డ గౌను అందులో ఉంటాయి. వాటికి ధర అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఇంట్లో పురుడు పోసుకునే రోజు దగ్గర పడగానే ఎవరో ఒకరు పాత గుడ్డల మూట విప్పి, సూదిలో దారం ఎక్కిస్తారు. దానికి ఏ పెద్దల అనుమతీ అక్కర్లేదు.